బావ వైపు కిటికీ

బావను పొట్టనబెట్టుకున్న అంతరిక్ష నౌకకు మ్యూజియం కోసం నమూనా చేస్తున్నాను. ఉన్నది ఉన్నట్టే చేస్తానని నాకు పేరు. నలిపిన బంగారు రేకు చుట్టూ అతికించి, కిటికీలకు ప్లాస్టిక్ ముక్కలు కోస్తుంటే అక్క వచ్చింది.

"మీ బావ కిటికీ ఏదిరా?"

ప్లాను చూశాను. ఆయన సీటు పక్కన గోడే ఉంది.

"ఆయన వైపు కిటికీ లేదక్కా."

"రోజూ మన డాబా కనిపిస్తోందని ఫోన్‌లో చెప్పేవాడు. పాప పైకెక్కి చెయ్యి ఊపేది. ఆ రోజు కూడా ఊపింది."

"కోతలు కోశాడు," అన్నాను. నా నోరు ఊరుకోదు.

అక్క చాలాసేపు ఆ ప్లానునే చూసింది.

"రేపు పాప చూడ్డానికి వస్తుంది. ఒక కిటికీ పెట్టు."

"లేనిది పెట్టనక్కా."

ఆమె వెళ్లిపోయింది.

బావను తిట్టుకుంటూనే, ఆయన సీటు పక్కన అతికించిన రేకు ఒలిచి, డ్రిల్లు అందుకున్నాను.