అన్న తాడు కట్టిన పెట్టె

“ఈ పెట్టె మీరే సర్దుకున్నారా అమ్మా?” అని శంషాబాద్ విమానాశ్రయం కౌంటరులోని అమ్మాయి అడిగినప్పుడు శారదకు చిర్రెత్తుకొచ్చింది. అడగవలసిన మాటేనా అది? భూపాలపల్లి గనుల కాలనీలో ఎవరింట్లో ప్రయాణం పడినా పెట్టె సర్దడానికి శారదనే పిలుస్తారు. ఆమె సర్దితే సూది దూర్చడానికి కూడా సందు దొరకదు. చీరల మడతల మధ్య కారప్పొడి, స్టీలు డబ్బాలో సకినాలు, నాలుగు కవర్ల లోపల మామిడికాయ తొక్కు, దాని చుట్టూ పాత లుంగీ. మస్కట్‌లో క్రేను నడిపే భర్త భూపాల్ ఫోన్లో ఏమేమి అడిగాడో అవన్నీ ఉన్నాయి.

“నేనే సర్దిన,” అంది, కాస్త బింకంగానే.

తూకం మాత్రం ఆమె అనుకున్నదాని కంటే ఎక్కువే చూపించింది. నిన్న కిరాణా కొట్టు కాంటా మీద పెట్టి చూసుకుంది మరి. ఆ కాంటాలో ఏదో మతలబు ఉందని మనసులోనే షావుకారికి నాలుగు తగిలించింది. ఇంకా కొంత బరువుకు చోటుంది కనుక పెట్టె బెల్టు మీద కదిలి లోపలికి పోయింది. అందరి పెట్టెలూ నున్నగా పోతుంటే, ఈమె పెట్టె ఒక్కటే పచ్చ నైలాను తాడుతో గడ్డిమోపులాగా పోయింది. ఆ తాడు కట్టింది ఆమె అన్న యాకయ్య. జనగామలో విప్పమంటే వినలేదు.

అన్నంటే శారదకు ఆ పొద్దున్నుంచీ మనసులో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది.

జనగామ ఆమె తల్లిగారి ఊరు. అవ్వ, అంటే అమ్మ, బతికున్నన్నాళ్లూ ఏడాది విడిచి ఏడాది శారదకు ఒడిబియ్యం పోసేది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవిక గుడ్డ. వదినె, ఇరుగుపొరుగు ముత్తయిదువలు దోసిళ్లతో కొంగులో పోస్తుంటే, ఆ బరువు నడుముకు తగిలి పెళ్లికూతురినైనట్టు ఉండేది. పోశాక ఆడపిల్ల తన ఒడిలోంచి ఒక పిడికెడు తీసి తల్లిగారింట్లో పెట్టి పోవాలి. ఒకసారి శారద అది మరిచిపోయి బస్సెక్కేసింది. అవ్వ ఇత్తడి చెంబు పట్టుకుని బస్టాండుకు ఉరికొచ్చి, కిటికీ కింద నిలబడి, “ఇల్లు ఉత్తగ చేసి పోతవా బిడ్డా?” అని అడిగి మరీ పిడికెడు బియ్యం పోయించుకుంది. బస్సు బస్సంతా నవ్వింది. శారదకు అప్పుడు తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు ఆ చెంబు తలుచుకుంటే కళ్లు చెమరుస్తాయి.

అవ్వ పోయింది. మరుసటి ఏడే వదినె కూడా పోయింది. ఆ తర్వాత శారద ఒళ్లో గింజ పడలేదు. ఒడిబియ్యం అడిగి పోయించుకునేది కాదు, పోసేవాళ్లకే తోచాలి. సముద్రం దాటి పోతున్నాను, ఈసారైనా అన్నకు తోచకపోతుందా అన్న ఆశతోనే ఆమె ఈ పొద్దున దారిలో జనగామలో దిగింది. అందుకోసమే జరీ అంచు చీర కట్టుకుంది. అన్న తానే వండి పప్పన్నం పెట్టాడు. అతని వేళ్లు పచ్చపచ్చగా ఉంటే, పప్పులో పసుపెంత వెయ్యాలో ఇంకా తెలియలేదు పాపం అనుకుంది. పక్కింటి ఈదమ్మకు చెప్పి వచ్చేసరికి పెట్టెకు తాడు కట్టి సిద్ధంగా ఉంది. విమానాశ్రయానికి కారులో తీసుకొస్తూ దారి పొడుగునా పత్తి ధర గురించే మాట్లాడాడు. శారద ఊ కొట్టడం కూడా మానేసింది. ఇక తనకు తల్లిగారిల్లు లేనట్టేనని ఘట్‌కేసర్ దాటేలోపే తేల్చేసుకుంది.

బోర్డింగ్ పాసు చేతికొచ్చి నాలుగడుగులు వేసిందో లేదో, వెనక నుంచి పిలుపు వచ్చింది. సామాను తనిఖీ గదికి రావాలట.

ఆ గదిలో స్కానరు తెర ముందు కూర్చున్న అమ్మాయి పేరు ప్రియ. మానుకోట పక్కన గూడూరు దగ్గరి తండా పిల్ల. శారద యాస వినగానే కొంచెం నవ్వింది గానీ, వెంటనే తెర వైపు చూపించింది. శారద పెట్టె అందులో ఒలిచిన పండులాగా కనబడుతోంది. సకినాల చుట్లు కూడా ఎంచవచ్చు. వాటి కింద, ఆమె ఎన్నడూ పెట్టని చోట, ఒక మూట. మూటలో బోర్లించిన గిన్నెల్లాంటివి అయిదు.

“గివేంది అక్కా?”

“గవి నావి కావు,” అంది శారద గబుక్కున.

ఆ గదిలో అనకూడని మాట అదేనని ఆమెకేం తెలుసు? ప్రియ మొహంలో నవ్వు మాయమైంది. మూలనున్న పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. ఇందాక మీరే సర్దానన్నారు కదా, ఎవరైనా ఏమైనా ఇచ్చారా, పెట్టె ఎక్కడైనా వదిలిపెట్టారా అని వరసగా అడిగారు. శారదకు విమానం పోతుందన్న బెంగ ఒకటి, ఏం తేలుతుందోనన్న భయం ఒకటి. అప్పుడు గుర్తొచ్చింది, ఆ తాడు. అన్న మీద ఎక్కడలేని కోపం వచ్చింది.

తాడు ముడి విప్పడానికి ఇద్దరు పట్టవలసి వచ్చింది. మూత తెరిచి, చీరలు పక్కకు తీస్తే, పసుపు వాసన గది నిండా కమ్ముకుంది. కొత్త రవిక గుడ్డలో కట్టిన మూట. బియ్యానికి పసుపు సరిగ్గా పట్టలేదు. కొన్ని గింజలు ముద్ద ముద్దగా, కొన్ని తెల్లగానే ఉన్నాయి. వాటి మధ్య అయిదు కుడుకలు. మగచేతుల పని అని చూడగానే తెలుస్తోంది. పొద్దుటి ఆ వేళ్ల పసుపు పప్పుది కాదు.

శారద అక్కడే, అందరి ముందే, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

“ఒడిబియ్యమా అక్కా?” అంది ప్రియ మెల్లగా. పెద్దాయన మళ్లీ కూర్చున్నాడు.

బియ్యానికి అభ్యంతరం లేదట. కుడుకలే కుదరవట. ఎండుకొబ్బరిలో నూనె ఉంటుంది, నిప్పంటుకుంటుంది, ఏ పెట్టెలోనూ పోనివ్వరట. ప్రియ చూపించిన డబ్బాలో అప్పటికే కర్పూరం పొట్లాలు, లైటర్లు పడి ఉన్నాయి. ఒడిలో పోయవలసినవి అందులో పడెయ్యడం శారద వల్ల కాదు. బతిమాలింది. ప్రియ తల అడ్డంగా ఊపింది. కావాలంటే బయటివాళ్లకు ఇచ్చి రావచ్చంది.

శారద ఫోను తీసింది. చెల్లె విమానం ఎక్కిందని చెప్పేదాకా కదలనని యాకయ్య గేటు బయటే నిలబడి ఉన్నాడు.

“పెట్టెల ఏం పెట్టినవే అన్నా?”

“మీ వదినె లేకపాయె. గిది ఆడోళ్లు పోసేది గదా. ఒంటి మొగోన్ని, నా చేతులతోని పోస్తే నీకు మంచిగైతదో కాదో అని భయమైంది చెల్లె. పొయ్యకుంట పంపబుద్ధి కాలే. గందుకే నీకు ఎర్క లేకుంట పెట్టిన.”

ఇన్నేళ్లూ మరిచిపోయాడనుకున్న మనిషి ఇన్నేళ్లూ భయపడ్డాడన్నమాట. తన కోపం తలుచుకుని శారదకు సిగ్గేసింది. సిగ్గు కంటే సంతోషమే ఎక్కువగా ఉంది.

“గేటు కాడనే ఉండు. వస్తున్న,” అంది.

మూట బయటికి తీశాక పెట్టె తన దారిన పోయింది. కౌంటరు అమ్మాయి గడియారం చూసుకుంటూనే ఆమెను గేటు దాకా తీసుకొచ్చింది. యాకయ్య తువ్వాలు భుజాన వేసుకుని, తప్పు చేసిన పిల్లాడిలా నిలబడ్డాడు. శారద మూట అతని చేతుల్లో పెట్టి, జరీ కొంగు చాపింది.

“నేనే పొయ్యాల్నా?” అన్నాడు.

“ఇంకెవరు పోస్తరే? పొయ్యి.”

అతను దోసిలి పట్టాడు. వేళ్ల సందుల్లోంచి కొన్ని గింజలు నేల మీద పడ్డాయి. బండ్లు తోసుకుంటూ పోయేవాళ్లు తిరిగి చూశారు. గేటు దగ్గరి జవాను ఏదో అనబోయి, మొహం అటు తిప్పుకున్నాడు. బరువు నడుముకు తగలగానే శారదకు అవ్వ చేతులు గుర్తొచ్చాయి.

ఆమె ఒడిలోంచి పిడికెడు తీసి, కుడుకలతో కలిపి అన్న తువ్వాలులో పోసింది.

“పెట్టెల పెట్టినవు గని, ఇంట్ల పెట్టిపోవుడు మరిచినమే. అవ్వ ఉంటే చెంబు పట్టుకొని గీడిదాంక ఉరికి వస్తుండె,” అంది.

యాకయ్య నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. తువ్వాలుతో కళ్లు తుడుచుకుందామంటే అందులో బియ్యం ఉన్నాయి. చెల్లె కొంగు తీసుకుని, పెట్టెకు వేసిన ముడే దానికీ బిగించి వేశాడు.

శారద పరుగున లోపలికి పోయింది. తనిఖీ వరసలో ఆడవాళ్లను నిలబెట్టి తడిమి చూసే ఆవిడ నడుము దగ్గర చెయ్యి ఆపింది. ఇదేమిటంది. బియ్యమని శారద చెప్పింది. ఆవిడ ముడి లాగి చూసింది, అది ఊడలేదు.

“మీరే కట్టుకున్నారా?”

“కాదమ్మా,” అంది శారద. “మా అన్న కట్టిండు.”