ఫారంలో లేని గడి

శనివారం మధ్యాహ్నం. బైండింగు షాపు వెనుక గదిలో పిండి జిగురు ఉడుకుతోంది. కిటికీకి అడ్డంగా కట్టిన తాడు మీద అరచేతంత చొక్కాలు ఆరు వరుసగా ఆరుతున్నాయి. సోమవారం రాబోతున్న పదకొండు రోజుల మనవరాలి కోసం నానమ్మ స్వయంగా కుట్టి, ఉతికి ఆరవేసినవవి. తాతయ్య, అంటే ఆ షాపు బైండరు, అట్టలు కోస్తూ కూనిరాగం తీస్తున్నాడు. ఆ ఇంటికి ఏదో లోటు ఉందని తొంగిచూసినవారెవరూ అనుకోరు.

లోటు ఒక మాత్రల పెట్టె రూపంలో నూలు ఉండల వెనుక ఉంది.

బైండరు భార్య మూడేళ్ళ క్రితం కాగితాల కట్టతో సహా ఎత్తుపీట మీద నుంచి జారిపడింది. వెన్నెముకకు ఆపరేషన్ జరిగింది. ఎముక అతికింది గానీ నొప్పి పోలేదు. చాలా మందులు చూశాక, నొప్పుల విభాగం డాక్టరమ్మ మార్ఫిన్ మాత్రలు రాసింది. వాటి పుణ్యాన ఆమె మళ్ళీ కూర్చోగలిగింది, మళ్ళీ పుస్తకాలు కుట్టింది. కాలం గడిచేకొద్దీ పాత మోతాదు చాలక, డాక్టరమ్మే దాన్ని రెండుసార్లు పెంచింది. ఆ పెరుగుదలే ఆమెను భయపెట్టింది. అప్పటి నుంచి పెట్టె నూలు ఉండల వెనక్కి చేరింది. నొప్పికి మందు వేసుకునే మనిషి దొంగచాటుగా ఎందుకు వేసుకోవాలన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. మన ఇళ్ళలో మాత్రం ఎందరికి తోస్తోంది?

ఆ మధ్యాహ్నం ఆమె తమ్ముడు వచ్చాడు. పరిశోధనాలయంలో ప్రయోగాల కోసం పెంచే ఎలుకల బాగోగులు చూడటం అతని ఉద్యోగం. పన్నెండేళ్ళుగా అదే పని. చుట్టాలందరికీ అతను 'ఎలుకల మామ'.

"రావయ్యా బావమరిదీ! నీ సంతానమంతా క్షేమమేనా?" అని పలకరించాడు బైండరు.

"నూట నలభై మందీ క్షేమం బావా. నిన్న ఇంకో పన్నెండు మంది పుట్టారు. మేమేమైనా ఇంత హడావుడి చేశామా? నీకు ఒక్క మనవరాలికే కాళ్ళు నేల మీద ఆనడం లేదు."

అక్క నవ్వబోయి ఆవలించింది. మంచినీళ్ళిస్తూ ఆవలించింది. చొక్కాలు చూపిస్తూ మళ్ళీ ఆవలించింది. ఎలుకల మామ కబుర్లు చెబుతూనే జేబులోంచి పెన్సిలు తీసి ఒక అట్టముక్క మీద నిలువు గీతలు గీయసాగాడు.

"ఏమిట్రా ఆ గీతలు?"

"ఏం లేదక్కా, చేతికి అలవాటు," అంటూ గీతల వంక చూసుకుని ఉలిక్కిపడ్డాడు. పావుగంటలో పదకొండు ఆవలింతలు. తలెత్తి అక్కను మళ్ళీ చూశాడు. ముక్కూ కళ్ళూ కారుతున్నాయి. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఒక కుర్చీలో నిలవలేక ఇంకో కుర్చీకి మారుతోంది.

"జలుబులే," అన్నాడు బావ. "దానికి తోడు పొద్దుటి నుంచి నాలుగు విరేచనాలు."

"జలుబుకు విరేచనాలేమిటి బావా? అక్కా, నిజం చెప్పు. మాత్ర వేసుకుని ఎన్నాళ్ళయింది?"

అట్టలు కోసే కత్తి ఆగిపోయింది. అక్క నేల చూపులు చూసింది. బావ మాత్రం ఛాతీ విరుచుకున్నాడు.

"గురువారం పొద్దున్నదే ఆఖరిది. ఇంక దాచడమెందుకు? నేను సిగరెట్లు ఒక్క పూటలో మానేయలేదూ? పట్టుదల ఉంటే ఏదైనా మానొచ్చని నేనే ధైర్యం చెప్పాను."

ఆయన చెడ్డవాడు కాదు. మూడు రోజులుగా భార్య కాళ్ళు పడుతున్నదీ, వేడినీళ్ళు కాచి ఇస్తున్నదీ ఆయనే. ప్రేమకు లోటు లేదు. తెలియని విషయం మీద నమ్మకమే కాస్త ఎక్కువైంది.

"అంత తొందర ఏమొచ్చిందక్కా?"

"బుధవారం వియ్యపురాలు ఫోను చేసింది," అంది అక్క. "'ఏమీ అనుకోకండి వదినగారూ, ఆ మత్తు మాత్రలు మింగేవారి చేతికి పసిగుడ్డును ఇవ్వాలంటే నాకు గుండెదడ. మీరు పక్కన కూర్చుని చూస్తే చాలు' అంది. చాలుట! నా మనవరాలిని నేను పక్కన కూర్చుని చూడాలిట! సోమవారానికి మానేసి చూపిద్దామనుకున్నాను. తీరా చూస్తే నడుము పడిపోయిన రోజు కంటే ఎక్కువగా పీకుతోందిరా. ఇప్పుడు ఆవిడ ఇచ్చినా నేను ఎత్తుకోలేను."

ఎలుకల మామ ఇంకో మాట మాట్లాడకుండా ఆసుపత్రికి ఫోను చేశాడు. అరగంటలో ముగ్గురూ నొప్పుల విభాగంలో ఉన్నారు. డాక్టరమ్మ పరీక్షించి, ఎంత మందు ఇవ్వాలో తానే లెక్కగట్టి ఇచ్చింది. గంటన్నర గడిచేసరికి ఆవలింతలు తగ్గాయి, ఒళ్ళు కుదుటపడింది. అప్పుడు డాక్టరమ్మ బైండరు వైపు తిరిగింది.

"మీరు సిగరెట్లు మానినప్పుడు మీ వెన్నెముకకు దెబ్బ తగిలి ఉందా?"

"లేదండి."

"మానాక హాయిగానే ఉన్నారా?"

"నేను చెబుతాను డాక్టరమ్మా," అంది మంచం మీది మనిషి. "నెల్లాళ్ళు ఇంట్లో అందరినీ కరిచారు. పాలవాడు గేటు దాటి లోపలికొస్తే ఒట్టు."

మూడు రోజుల తరువాత ఆమె వేసిన మొదటి హాస్యం అది. బైండరు తానూ నవ్వి, తల గోక్కున్నాడు. కానీ ఆమె ముఖం మళ్ళీ వాడిపోయింది. "అయితే నేను ఓడిపోయినట్టేగా? మూడు రోజులు కూడా నిలవలేకపోయాను. నాలోనే మనోబలం లేదు."

ఎలుకల మామ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"అక్కా, మా దగ్గర ఒక ఫారం ఉంటుంది. రోజూ మార్ఫిన్ ఇచ్చే ఎలుకకు కొన్నాళ్ళకు పాత మోతాదు పని చెయ్యదు. తోకకు వేడి తగిలించి, ఎన్ని సెకన్లకు లాక్కుంటుందో చూస్తాం. మొదట్లో ఆలస్యంగా లాక్కునేది, పోనుపోను వెంటనే లాక్కుంటుంది. మందు ఒక్కసారిగా ఆపేస్తే ఆవలిస్తుంది, విరేచనాలవుతాయి, తడిసిన కుక్కలా ఒళ్ళు విదిలిస్తుంది. ఆవలింతలకు ఒక గడి, విరేచనాలకు ఒక గడి, విదిలింపులకు ఒక గడి. పన్నెండేళ్ళుగా అవన్నీ నింపుతున్నాను. ఆ ఫారంలో 'గుణం' అనే గడి లేదక్కా! 'ఈ ఎలుక మంచి వంశంలో పుట్టింది, దీనికి పట్టుదల ఉంది' అని మేమెక్కడా రాయలేదు. నూటికి నూరు ఎలుకలూ ఆవలించాయి. వాటిని ఎవరూ తిట్టలేదు. మనిషి దగ్గరికొచ్చేసరికి మాత్రం లేని గడి గీసి, అందులో సున్నా వేస్తున్నాం."

అక్క, "అయితే నేను నీ నూట యాభై మూడో ఎలుకనన్నమాట," అంది.

"అన్నింటికంటే మొండిదానివి."

డాక్టరమ్మ నవ్వి అందుకుంది. "శరీరం మందుకు అలవాటు పడటం వేరు, వ్యసనం వేరు. నొప్పి లేకున్నా, బతుకు పాడవుతున్నా మందు కోసమే వెంపర్లాడితే అది వ్యసనం. అలాంటివారూ ఉన్నారు, అదీ జబ్బే, దానికీ చికిత్స ఉంది. మీది అది కాదు. మోతాదు పెరుగుతూ పోవడం నాకూ ఇష్టం లేదు, అందుకే ఇంకో దారి చూద్దాం. మింగిన మాత్ర ఒళ్ళంతా తిరుగుతుంది. వెన్నుపాము దగ్గరికి చేరేది అందులో బహు కొంచెం. సన్నని గొట్టంతో వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకే మందు పంపితే వందల వంతులు తక్కువ సరిపోవచ్చు. ముందు పరీక్ష మోతాదు ఇచ్చి చూస్తాం. అందరికీ నప్పదు, కొన్ని ఇబ్బందులూ ఉన్నాయి. అక్కడ కూడా శరీరం మెల్లగా అలవాటు పడవచ్చు."

"అందుకే మా ఎలుకలకు ఇంకా సెలవు దొరకలేదు," అన్నాడు ఎలుకల మామ.

సోమవారం పది గంటలకు కొడుకూ కోడలూ పిల్లతో వచ్చారు. వెనుకే వియ్యపురాలు. నానమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని, అందరూ చూస్తుండగా మంచినీళ్ళతో మాత్ర వేసుకుంది. వియ్యపురాలి కనుబొమ్మలు పైకి లేచాయి.

"చెల్లెమ్మగారూ, దీన్ని ఏమంటారంటే..." అని మొదలుపెట్టిన బైండరు నాలుగో మాటకే తడబడి, "బావమరిదీ, నువ్వు చెప్పు," అన్నాడు.

"నేనే చెబుతాను," అంది నానమ్మ. "వదినగారూ, నేను మందు మానలేదు. మానబోయి శనివారం ఆసుపత్రి పాలయ్యాను. ఈ మందు ఉంటేనే నేను కూర్చోగలను. మోతాదు మారిన రోజున మగతగా ఉంటుంది, ఆ రోజు పిల్లను నేనే ముట్టను, మీరు చెప్పక్కరలేదు. ఇవాళ మగత లేదు. నమ్మకం లేకపోతే పరీక్ష పెట్టండి."

వియ్యపురాలు కూడా తక్కువదేం కాదు. బల్ల మీది కుట్టుసూదినీ దారాన్నీ చూపింది. "అయితే ఎక్కించండి చూద్దాం."

ఒక్క ప్రయత్నంలో దారం సూదిలోంచి ఇవతలికి వచ్చింది.

"ఏదీ, నన్ను చూడనివ్వండి," అని వియ్యపురాలు సూది అందుకుంది. మొదటిసారి దారం పక్కకు పోయింది. రెండోసారి సూదే కింద పడింది. మూడోసారి కళ్ళజోడు తుడుచుకుంది.

"అమ్మా, అయితే పిల్లను నీ చేతికీ ఇవ్వకూడదేమో!" అంది కోడలు.

ఇల్లంతా గొల్లుమంది. అందరికంటే ఎక్కువగా నవ్వింది వియ్యపురాలే. నవ్వుతూనే లేచి, పిల్లను నానమ్మ ఒడిలో పెట్టింది. అలవాటు కొద్దీ పిల్ల తల కింద తన అరచెయ్యి ఆసరాగా ఉంచింది. కాసేపటికి, అవసరం లేదని చూసి, తీసేసింది. పిల్ల ఒకసారి కదిలి, నానమ్మ వేలు గట్టిగా పట్టుకుంది. ఆ వేలికి ఏళ్ళ కుట్టుపనితో కాయలు కాచాయి; అది ఏమాత్రం వణకలేదు.

"నా ఫోనే మిమ్మల్ని ఆసుపత్రి పాలు చేసింది వదినగారూ," అంది వియ్యపురాలు, ఈసారి నవ్వకుండా. "మనసులో భయం ఉంటే మీ డాక్టరమ్మను అడగాల్సింది. అడగకుండా మిమ్మల్ని అనుమానించాను."

"నేనూ అడగకుండానే మానేశాను," అంది నానమ్మ, మనవరాలి ముఖం మీద నుంచి చూపు తిప్పకుండా. "ఇంటికొచ్చిన ప్రతివారికీ ఇకమీదట ఇదే చెబుతాను: నొప్పికి వాడే మందును డాక్టరుకు చెప్పకుండా పెంచకండి, చెప్పకుండా ఆపకండి, ఒంటి తీరును గుణం కింద జమకట్టి, బాధపడే మనిషిని సిగ్గుతో చంపకండి."