ఒత్తిడి దిగిన గంటకు

ఆ ప్రయోగశాలలో అందరికంటే బరువైనదీ, అందరికంటే మర్యాద పొందేదీ ఒక ఉక్కు గొట్టం. నీళ్లు నింపి, మూత బిగించి, పంపు ఆడిస్తే దాని కడుపులో నడిసముద్రపు అడుగున ఉండేంత ఒత్తిడి పుడుతుంది. అందుచేత దానికి ‘దొరవారు’ అన్న బిరుదు స్థిరపడింది. దొరవారికి చెల్లించే కప్పం సంచిలో మూటగట్టిన మానవ కణాలు. ప్రోటీన్ తయారుచేస్తున్నంతసేపూ అవి మైక్రోస్కోపు కింద పచ్చగా వెలుగుతాయి. పని మానితే ఆ వెలుగు త్వరలోనే ఆరిపోతుంది.

దొరవారి ఆస్థానంలో ఉద్యోగినులు ఇద్దరు. పంపు వదినది, కణాలు ఆడపడుచువి. ఇంట్లో ఆడపడుచు మాటకు తిరుగులేకపోయినా, ఇక్కడ పంపు పిడి వదిన చేతిలో ఉండడంవల్ల రాజ్యాంగం తలకిందులైంది. ఆడపడుచు చేతులకు నిలకడ లేదు. ఒత్తిడి దించీ దించకముందే కణాల సంచిని లాక్కుని, ఉన్నవి ఉన్నట్టు బిగుసుకుపోయే మందు పోసేసి, అప్పుడు తీరిగ్గా చూసేది. ఆ వేగానికి ముగ్ధులై తోటివారు ‘మెరుపు’ అన్నారు. ఆమె వద్దనలేదు.

మెరుపు కోరిక ఒక్కటే: ఒత్తిడికి కణాలు చావడం లేదనీ, ప్రోటీన్ తయారీని ఆపి ఊరుకుంటున్నాయనీ చూపించడం. ఏడాదిగా ఎప్పుడు చూసినా చీకటే. ఇక ఆ ఉదయం ప్రయోగశాల పెద్దసారు తీర్పు చెప్పేశారు: సాయంత్రంలోగా ఒక్క కణమైనా వెలగకపోతే దొరవారు పక్కగదికి వెళ్లిపోతారు.

పక్కగదిలో పళ్లరసం సారు ఉన్నారు. రసాన్ని మరిగించకుండా, ఒత్తిడితోనే అందులోని సూక్ష్మజీవులను మట్టుపెట్టి నిల్వచేసే విద్య ఆయనది. మధ్యాహ్నం వదిన ఒత్తిడి దించుతున్న శుభసమయానే ఆయన కొలతల టేపుతో, చక్రాల బండితో గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు.

కణాలను గిన్నెలోకి వంపుతున్న మెరుపు తలెత్తింది. “ఏమిటండీ ఆ కొలవడం?”

“ఏంలేదమ్మా, దొరవారు ఈ గుమ్మంలో పడతారా లేదా అని.”

“ప్రాణం పోకముందే పాడె కడుతున్నారా?”

“మీ కణాల ప్రాణం నిరుడే పోయిందిగా తల్లీ!”

మెరుపు గిన్నెను వెచ్చటి పెట్టెలోకి తోసి, కొంగు బిగించింది.

ఆ వాగ్యుద్ధం సామాన్యమైనది కాదు. జీవశాస్త్రం ఘనతా, నారింజరసం నైచ్యమూ ఒకవైపునుంచి, ఆకలి తీర్చే విద్య గొప్పా, చీకటిని ఫొటోలు తీసే విద్య దండగా మరోవైపునుంచి దూసుకొచ్చాయి. వదిన స్టూలు లాక్కుని కూర్చుంది. ఇంట్లో తను పడే మాటలు మరొకరు పడుతుంటే వినడంలో హాయి వేరు. గంటకు గాని ఆమెకు గుర్తురాలేదు.

“అమ్మాయ్, మందు పోశావా?”

మెరుపు నెత్తి కొట్టుకుంది. “అయ్యో! మర్చిపోయా వదినా!”

పరుగున వెళ్లి గిన్నెను మైక్రోస్కోపు కింద పెట్టింది. చూసింది. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. జన్మలో మొదటిసారిగా ఆ చేతులు కదలడం మానేశాయి.

“ఏమైందే? మాట్లాడవేం?”

“పచ్చగా ఉన్నాయి వదినా... అన్నీ!”

ఇన్నాళ్లూ కణాలు ఒత్తిడికి పని ఆపి, అది దిగాక ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెడదామనుకునేలోపే ఆమె మందు పోసి వాటి పీక నులిమింది.

“దొరవారు పాపం ఏమీ చెయ్యలేదే,” అంది వదిన. “హంతకురాలివి నువ్వే!”

మెరుపు పడీపడీ నవ్వింది.

పెద్దసారు వచ్చి, మళ్లీ చేసి చూపించమన్నారు. ఒత్తిడి దిగిన కణాల్లో సగానికి వెంటనే మందు పోశారు; మిగతా సగాన్ని గంటసేపు వెచ్చగా ఉంచారు. ఆ గంటలో మెరుపు నాలుగుసార్లు పెట్టె తలుపు మీద చెయ్యివేస్తే, అయిదోసారికి వదిన ఆ రెండు చేతులనూ తన ఒళ్లో పెట్టుకుని పట్టుకుంది. చివరికి మొదటి సగం చీకటి, రెండో సగం పచ్చటి పండు వెన్నెల.

“దొరవారు కదలరు,” అన్నారు పెద్దసారు.

పళ్లరసం సారు టేపు చుట్టేస్తూ నసిగారు. “కణాలు విశ్రాంతి తీసుకునే ఆ గంటా దొరవారు ఖాళీయే కదండీ?”

“వాడుకోండి సార్,” అంది మెరుపు, చక్రవర్తిని గెలిచినవాళ్లకు ఉండే ఔదార్యంతో.

పెద్దసారు ఆమెను మెచ్చుకోలుగా చూశారు. “సరే గాని, గంటసేపు ఆగి చూడాలని ఎలా తట్టిందమ్మా?”

మెరుపు తల వంచుకుని, మహా వినయంగా, “శాస్త్రానికి ఓపిక ముఖ్యం కదండీ,” అంది.

వదిన స్టూలు మీదనుంచి జారిపోకుండా పంపు పిడిని పట్టుకోవలసివచ్చింది.