తాడు మీద రెండో ముడి

మా ఆయన ఒకే ప్రశ్నకి రెండుసార్లు "ఊఁ" అన్నాడంటే ఏదో దాస్తున్నాడని అర్థం. ఆ రోజు ట్రాక్టర్ల షోరూములో అడుగు పెట్టినప్పటి నుంచీ ఊఁ కొడుతూనే ఉన్నాడు.

మేం వెళ్ళింది చిన్న ట్రాక్టరు కోసం. ఇంటి వెనక మాకు రెండెకరాలుంది. సగం నిమ్మచెట్లు, సగం కూరగాయలు. నాలుగేళ్ళుగా ఆ నేలంతా పారలతోనే తవ్వుకుంటున్నాం. నా భుజాలు రెండూ పోయాయి, చెయ్యెత్తి అటక మీది డబ్బా తీసుకోలేను. అద్దెకి ట్రాక్టరు పిలుద్దామంటే మా గేటు పట్టదు. ఒక పక్క పక్కింటి గోడ, ఇంకో పక్క కరెంటు స్తంభం, వెడల్పు చేసే దారి లేదు. అందుకే బయల్దేరేముందు ఒక తాడుతో గేటు కొలిచి, సరిగ్గా అక్కడ జోడుముడి వేసి, సంచిలో పెట్టుకున్నాను. మా ఇంటి టేపు పంపకాలప్పుడే మరిది వైపు పోయింది.

షోరూము ఆయన బట్టతల మనిషి, మాటకి ముందు నవ్వుతాడు. రెండు ట్రాక్టర్లు చూపించాడు, ఒకటి బక్కది, ఒకటి కాస్త వెడల్పుది.

"మీ తోటకి ఈ చిన్నది చాలమ్మా. చెట్ల మధ్యకి హాయిగా దూరిపోతుంది. డీజిలు కూడా తక్కువే తాగుతుంది," అన్నాడు.

నాకు వెంటనే అనుమానం వచ్చింది. ఖరీదైన సరుకు పక్కనే పెట్టుకుని చౌకది అంటగట్టాలని చూసే వ్యాపారిని నా జన్మలో చూడలేదు. ఎవరైనా వాడి తిరిగిచ్చారా? కడిగి, రంగేసి నిలబెట్టారా? వంగి టైరు గాళ్ళలో మన్నుందేమోనని వేలు పెట్టి గోకాను.

"కొత్తదేనమ్మా," అన్నాడాయన.

"నేనేమైనా అన్నానా?" అన్నాను.

తాడు తీసి పట్టాను. చిన్నది ముడికి జానెడు లోపలే ఆగింది. వెడల్పుది ముడి దాటి బెత్తెడు బయటికొచ్చింది. ఇంకేం, తేలిపోయింది కదా! తిరిగి చూస్తే మా ఆయన ఆ వెడల్పుదాని బానెట్టు మీద చెయ్యేసి నిమురుతున్నాడు. నన్నెప్పుడూ అంత ఇదిగా నిమిరిన పాపాన పోలేదు.

"ఇది వాలు మీద బాగా నిలబడుతుంది. చిన్నది ఒరిగిపోతుంది," అన్నాడు.

"మన పొలంలో వాలెక్కడుందయ్యా?"

"వెనకాల... కొంచెం..."

"నీళ్ళు పెడితే వెనక్కి పారడానికే ఏడుస్తాయి. వాలట!"

"ఊఁ. ఊఁ. ఆలోచిద్దాంలే," అన్నాడు.

ఇంటికొచ్చే దారంతా నేనూ ఆలోచించాను. నేను ట్రాక్టరు గురించి ఇంత పట్టుబట్టడానికి కారణముంది. మామగారు పోయాక భూమి రెండు ముక్కలైంది. పెద్ద గేటు మరిది వాటాలో పడింది. దున్నే టిల్లరు మాత్రం ఉమ్మడిగా ఉంచుకున్నాం, అదే మా కొంప ముంచింది. ఒకసారి ఎవరో ఇంజనులో ఆయిల్ లేకుండా నడిపేశారు. ఇంజను పట్టేసింది. నువ్వంటే నువ్వని అన్నదమ్ములు అరుచుకున్నారు. నేనూ, నా తోడికోడలూ వాళ్ళకంటే గట్టిగా అరిచాం. ఆ వారమే రెండు వాటాల మధ్యా కంచె లేచింది. కంచె తీగ లాగాలంటే ఇద్దరు మనుషులు కావాలి కదా, అన్న ఈ చివర, తమ్ముడు ఆ చివర పట్టుకుని, ఒక్క మాట లేకుండా కట్టేశారు. ఆయిల్ పొయ్యనిది మరిదేనని నా నమ్మకం. ఇకమీదట ఏ యంత్రం కొన్నా మా గేటులోంచే రావాలి, మా చేతులే దాన్ని ముట్టుకోవాలి, ఒకళ్ళని బతిమాలే పని ఉండకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

కొన్నాళ్ళకి ఒక ఉదయం మా ఆయన టీ కూడా తాగకుండా బయటికెళ్ళాడు. ఆ మనిషి టీ తాగకుండా మంచం మీంచి కాలు కూడా కింద పెట్టడు. తిరిగొచ్చాక ఎక్కడికెళ్ళావంటే, "ఊరికే, అలా నడుద్దామని," అన్నాడు. నడవడమట! ఇంటికీ పొలానికీ మధ్య నడవడానికే మూలుగుతాడు. ఆయన స్నానానికెళ్ళగానే సంచి తీసి చూశాను. తాడు నేను చుట్టినట్టు లేదు. విప్పాను. నా జోడుముడి నా చోటే ఉంది. దాన్ని దాటి, బారెడు అవతల, ఇంకో ముడి.

ఎవరు వేశారిది? షోరూము ఆయన కొలత మార్చి వెడల్పుది అంటగట్టాలని చూస్తున్నాడా? అలాగైతే నా ముడి విప్పేయాలి కదా. పైగా ఆ ముడి వదులుగా, ఒంటిపొరగా ఉంది. అలాంటి ముడులు వేసే మనిషి మా ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. ఆయన చెప్పుల తాళ్ళు సగం దారిలోనే ఊడిపోతాయి.

"ఏమిటిది?" అని తాడు ముఖం ముందు పెట్టాను.

"ఏదో... కొలిచాను."

"ఏం కొలిచావు?"

"ట్రాక్టరు బుక్ చేసేశాను," అన్నాడు. "వెడల్పుది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎలా తెస్తావు, గోడ దూకిస్తావా, ఆకాశంలోంచి దింపుతావా అని అరిచాను. ఆయన తువ్వాలు తల మీద వేసుకుని, "వచ్చాక చూద్దాంలే," అని లోపలికి పోయాడు. ఆ రోజంతా నేను వంట చేశాను కానీ వడ్డించలేదు.

మధ్యాహ్నం కోడిపెట్ట తప్పిపోయిందని చెప్పి తాడు పట్టుకుని వీధిలోకి బయల్దేరాను. మాకు కోళ్ళే లేవు. ఎవరైనా అడిగితే చూసుకుందామనుకున్నాను. వీధిలో ఉన్న గేట్లన్నిటికీ తాడు పట్టి చూశాను. బడ్డీకొట్టు ఆయన, "కోడిని తాడుతో కొలుస్తారా అమ్మా?" అని నవ్వాడు కూడా. ఒక్క గేటూ సరిపోలేదు. చివరికి మిగిలింది మరిది వాళ్ళ పెద్ద గేటు. నాలుగేళ్ళుగా ఆ గేటు వంక చూడకుండా నడవడం అలవాటు చేసుకున్నాను. ఇటూ అటూ చూసి తాడు పట్టాను.

రెండో ముడి స్తంభానికి అతికినట్టు సరిపోయింది. కిర్రుమని వీధంతా వినపడే ఆ గేటు కీళ్ళకి కొత్తగా గ్రీజు కూడా పూసి ఉంది.

అంతే, నా తల తిరిగింది. అన్నదమ్ములిద్దరూ నాకు తెలియకుండా కూడబలుక్కున్నారన్నమాట! మా డబ్బుతో ట్రాక్టరు, వాళ్ళ పొలంలో దున్నకం. మళ్ళీ ఆయిల్ పొయ్యరు, మళ్ళీ ఇంజను పట్టేస్తుంది, మళ్ళీ నా భుజాలూ, నా పారా. కోపంకంటే ఎక్కువగా ఏడుపొచ్చింది. నా చేతిలో తాడు పెట్టి, నా వెనకాల ఇంకో ముడి వేస్తాడా?

సాయంత్రం నిలదీశాను. "మీ తమ్ముడితో ఎప్పుడు మాట్లాడావు?"

"మాట్లాడలేదు."

"నా చెవిలో పువ్వులు పెట్టకు. ఆ గేటు ఎవరు తీస్తారు మరి?"

"తెలీదు," అన్నాడు. ఒక్కసారే అన్నాడు. అది నిజమేనేమోనని నాకు అప్పుడే అనిపించింది, కానీ నమ్మాలనిపించలేదు.

ట్రాక్టరు వచ్చింది. లారీవాళ్ళు వీధి మొదట్లో దింపేసి, దింపుడు పలక మళ్ళీ లారీలో వేసుకుని వెళ్ళిపోయారు. మా ఆయన దాన్ని మెల్లగా నడిపించుకుంటూ మా గేటు ముందునుంచే పోనిచ్చి, తమ్ముడి గేటు ముందు ఆపి ఇంజను కట్టేశాడు. నేను వెనకాలే నడిచొచ్చి పక్కన నిలబడ్డాను. ఇప్పుడు లోపల్నుంచి నవ్వుతూ వస్తారు, వాళ్ళ నాటకం బయటపడుతుంది, అప్పుడు చెబుతాను నా సంగతి అనుకున్నాను.

ఎవరూ రాలేదు.

మా ఆయన సీటు మీద కూర్చుని స్టీరింగు వంకే చూస్తున్నాడు. హారను కొట్టలేదు, పిలవలేదు. చొక్కా వీపు మీద తడిసిపోయింది. ఆ మనిషిని అలా చూడగానే నాకు అర్థమైంది. ఈయన నిజంగానే ఎవరితోనూ మాట్లాడలేదు. తమ్ముడిని పిలవడానికి నోరు రాక, పిలవక తప్పని ట్రాక్టరు కొనుక్కొచ్చాడు. నోరు తెరిచి ఒక్క మాట అడగలేక ఇంత ఇనుము కొన్న మొగుణ్ణి ఏమనాలో నాకు తెలియలేదు.

"పిలవవయ్యా," అన్నాను.

"పిలుస్తా," అన్నాడు. పిలవలేదు.

గేటు చప్పుడు లేకుండా తెరుచుకుంది. మరిది నిలబడి ఉన్నాడు. జుట్టు బాగా నెరిసింది. వెనకాల అరుగు మీద తోడికోడలు, చేతులు కట్టుకుని నన్నే చూస్తోంది.

"హారను కొట్టొచ్చుగా అన్నయ్యా," అన్నాడు.

"గ్రీజు ఎప్పుడు పూశావు?" అని అడిగాను. పలకరింపు నాకు నోట్లోంచి రాలేదు.

"ఆ రోజేనొదినా. పొద్దున్నే అన్నయ్య తాడుతో గేటు కొలుచుకుంటుంటే కిటికీలోంచి చూశాను. పిలుస్తాడేమోనని చూశాను. ముడేసుకుని వెళ్ళిపోయాడు." గేటు రెక్క ఇంకాస్త లోపలికి నెట్టాడు. "ఏదో వస్తుందిలే అనుకున్నాం. అప్పట్నుంచీ గేటుకి తాళం వెయ్యట్లేదు."

ట్రాక్టరు లోపలికి వచ్చి కంచె దగ్గర ఆగింది. కంచెకి ఇవతల వాళ్ళ వంగమొక్కలు, అవతల మా నిమ్మచెట్లు. తీగ తెంచితే కానీ అడుగు పడదు. కంచె కట్టిన రోజు నుంచీ కటింగ్ ప్లేరు మా ఇంట్లో, నా అలమారలో ఉంది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు, ముగ్గురూ నా వంకే చూశారు.

"ఆ టిల్లరు సంగతి తేలనీ ముందు," అన్నాను. "ఆయిల్ ఎవరు పొయ్యలేదు?"

మరిదే ముందు నోరు విప్పాడు. "అన్నయ్య పోశాడనుకున్నానొదినా. దేవుడి మీద ఒట్టు."

"నేను వాడు పోశాడనుకున్నాను," అన్నాడు మా ఆయన, ట్రాక్టరు మీంచే.

నాలుగేళ్ళు! దీనికా నేను నాలుగేళ్ళు పార పట్టింది? ఇద్దరి నెత్తి మీదా ఒకటి మొట్టాలనిపించింది. అరుగు మీద తోడికోడలు కూడా నుదురు కొట్టుకుంది. మా ఇద్దరికీ చాలాకాలం తర్వాత ఒకే విషయం మీద కోపమొచ్చింది.

నేను చుట్టూ తిరిగి ఇంటికెళ్ళి కటింగ్ ప్లేరు తెచ్చాను. తీగ నేనే తెంచాను, ఇంకొకళ్ళకి ఇవ్వలేదు. మా ఆయన తాళంచెవి తిప్పబోతుంటే మరిది, "ఆగన్నయ్యా," అన్నాడు.

బానెట్టు ఎత్తాడు. ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగి, తన చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ ముంచి తీసి అన్నకి చూపించాడు. మా ఆయన తల ఊపాడు. అప్పుడు నా దగ్గరికొచ్చి, ఒక్క బొట్టు కిందపడకుండా రెండు చేతులతో పట్టుకుని చూపించాడు.

"నువ్వూ చూడొదినా."

కళ్ళలో నీళ్ళు తిరిగి నాకు గీతలు సరిగ్గా కనపడలేదు. కనపడలేదని చెప్పలేక, "ఇంకోసారి ముంచి తియ్యి," అన్నాను.

మరిది పుల్ల తుడిచి మళ్ళీ ముంచాడు.