డైరెక్టర్ లేని పావుగంట

మా ఆసుపత్రిలో స్పెషలిస్టు శిక్షణకు కొత్త డాక్టర్లను ఎంచుకునే వీడియో ఇంటర్వ్యూలో ఆఖరి పావుగంట డైరెక్టర్ ఉండడు. అభ్యర్థితో, అదే శిక్షణలో ఉన్న సీనియర్ రెసిడెంట్ డాక్టర్ ఒక్కరే మాట్లాడాలి. ఆ రోజు ఆ పని నాది. ఇంటర్వ్యూల తర్వాత అభ్యర్థులు ఆసుపత్రుల పేర్లు, ఆసుపత్రులు అభ్యర్థుల పేర్లు వరసగా రాసి పంపుతారు; రెండు జాబితాలూ కలిసిన చోట సీటు వస్తుంది.

అప్పటిదాకా డైరెక్టర్ హాస్కెల్ మా ఎమర్జెన్సీ విభాగం గొప్పలన్నీ చూపించాడు. స్పెషలిస్టు బోర్డు పరీక్షలో అందరూ పాస్. అల్ట్రాసౌండ్ పోటీలో ఒహాయో రాష్ట్రం మొత్తానికి మొదటి బహుమతి. దాచింది ఒక్కటే, ఆసుపత్రి మూసేస్తున్నారని. అది బయటపెడితే నా ఉద్యోగం పోతుంది.

తెర మీద అభ్యర్థి టోబియాస్ టై వదులు చేసుకున్నాడు.

"నిజం చెప్పండి డాక్టర్ మారెన్. మీరైతే ఇక్కడ చేరతారా?"

"చేరను," అన్నాను. "మీరు చేరిన ఆర్నెల్లకే ఈ ఆసుపత్రి మూతపడుతుంది. చదువు మధ్యలో రోడ్డున పడతారు. మీరు పంపే ఎంపికల జాబితాలో మా పేరు పెట్టకండి."

అతను తల అడ్డంగా ఊపాడు.

"పెట్టకపోతే అది ఖాళీ కాగితమే డాక్టర్. డెబ్భై ఆసుపత్రులకు దరఖాస్తు చేశాను. పిలిచింది మీరొక్కరే."

నేను అతని దరఖాస్తు మళ్లీ తెరిచాను.

"ఆర్నెల్లయినా పని నేర్పుతారుగా?"

"నేర్పుతాం."

కాల్ ముగియగానే హాస్కెల్ తలుపు తీశాడు. "ఎలా ఉన్నాడు? వస్తాడంటావా?"

"వస్తాడు," అన్నాను. "మన జాబితాలో మొదటి పేరు అతనిదే రాయండి."