మలుపు దగ్గర రెండు చేతులు

హంగరీలోని సోల్నోక్ ఊళ్లో ఎమెకెని ఎరగనివాళ్లు లేరు. బ్రెస్ట్ స్ట్రోక్ ఈతలో ఒలింపిక్ బంగారం తెచ్చిన మనిషి. బస్సెక్కితే ఎవరో ఒకరు లేచి చోటిస్తారు. అయినా ఇంట్లో ఆమె పళ్లెం ఒక్కటే. కాస్త దగ్గరైనవాళ్లు ఎవరైనా "ఆ రోజుల సంగతులు చెప్పవూ" అనేవారు. మర్నాటినుంచి ఆమె వాళ్లను తప్పించుకు తిరిగేది.

ఆ రోజులంటే ఝోకా. ఎనిమిదో ఏటినుంచీ ఇద్దరూ ఒకే కొలనులో ఈదారు. ఎప్పుడూ ఝోకాదే ముందంజ. ఒలింపిక్ జట్టులో ఒక్కరికే చోటుందన్న ఏడాది, ఎంపిక పోటీలోనూ తనే నెగ్గింది. కానీ ఆ ఈతలో మలుపు దగ్గర గోడకి రెండు చేతులూ ఒకేసారి తగలాలి; చివరి మలుపులో ఒంటిచేత్తో తాకిందని చెప్పి ఆమె గెలుపు రద్దు చేశారు.

కోచ్ బాలింట్ బాబాయ్ ఎమెకె దగ్గరికి పరుగున వచ్చాడు. "పక్క వరుసలోనే ఉన్నావుగా, ఏం చూశావే? రెండు చేతులూ తగిలాయని నువ్వంటే ఇప్పుడే ఫిర్యాదు రాస్తాను."

ఎమెకె చూసింది. రెండు చేతులూ ఒక్కసారే తగిలాయి.

"నేను చూళ్లేదు బాబాయ్."

జట్టులో ఆ చోటు ఎమెకెకి దక్కింది. బంగారం వచ్చింది. నాలుగేళ్లకి మళ్లీ వెళితే ఆరో స్థానం. తర్వాత భుజం పాడై ఈత పోటీలు మానేసింది. పందొమ్మిదేళ్లు గడిచాక బాలింట్ బాబాయ్ పోయాడు. ఖననం నాడు దూరంగా నిలబడ్డ ఝోకాని చూశాక ఎమెకెకి ఉండబట్టలేదు.

బజార్లో ఝోకా లాంగోష్ రొట్టెలు వేయించి అమ్ముతుంది. ఎమెకె అక్కడికి వెళ్లింది.

"ఏం చాంపియన్ గారూ, మీగడ వెయ్యనా, ఉత్తి వెల్లుల్లేనా?"

"ఝోకా, ఆ రోజు నేను చూశాను. నీ చేతులు రెండూ తగిలాయి."

ఝోకా పిండి సాగదీస్తూనే ఉంది. "తెలుసులేవే. నీ మొహం నా వైపే ఉంది."

"మరి ఎప్పుడూ అడగలేదేం?"

"నువ్వే వచ్చి చెప్తావని ఎదురుచూశాను. పేపర్లో పతకంతో నీ ఫొటో పడ్డాక ఎదురుచూడ్డం మానేశాను. పక్కకి జరుగు, వెనక జనం ఉన్నారు."

ఎమెకె ఆ సంగతంతా ఊరి పత్రికకి రాసిచ్చింది. అచ్చయింది. కొందరు పలకరించడం మానేశారు, కొందరు ఇప్పుడెందుకమ్మా ఇదంతా అన్నారు.

ఆ ఆదివారం పొద్దున్నే ఎమెకె ఈదుతుండగా ఝోకా కొలనుకి వచ్చింది. ఇన్నేళ్లలో రావడం అదే మొదలు. అవతలి చివరి వరుసలో దిగి, నెమ్మదిగా పది సార్లు అటూ ఇటూ ఈది, తల తుడుచుకుని వెళ్లిపోయింది. ఇటు చూడలేదు. చలికి నీళ్లమీద ఆవిరి లేస్తుంటే, ఎమెకె గట్టు పట్టుకుని అలాగే ఉండిపోయింది.