రెండో దెబ్బ

ఇస్త్రీపెట్టెలు, మిక్సీలు అమ్మే ఆ పెద్ద దుకాణంలో ఫిర్యాదుల కౌంటర్ ఆమెది. ఎవరెంత తిట్టినా నవ్వుతూ వినేది కాబట్టి తోటివాళ్లు వెన్నముద్ద అని పేరు పెట్టారు. పక్క సీటు ఆమె పెద్దమ్మ కూతురిది. ఈ ఉద్యోగం ఇప్పించిందీ ఆ అక్కే.

ఆ మధ్యాహ్నం ఒకాయన ఇస్త్రీపెట్టె తెచ్చి బల్ల మీద ధనాల్న పడేశాడు. కొత్తది ఇమ్మన్నాడు. చూస్తే తీగని ఎలకలు కొరికేశాయి.

"ఇది గ్యారంటీలోకి రాదు సార్. తీగ మార్చి ఇస్తాం," అంది.

"నాకే నీతులు చెప్తావా?" అంటూ బల్ల మీంచి వంగి గొంతు పట్టుకున్నాడు.

అలవాటు కొద్దీ ఆమె మొహాన నవ్వు అలాగే ఉండిపోయింది. తర్వాత ఊపిరాడలేదు. కళ్లు బైర్లు కమ్మాయి. అక్క వైపు చూసింది. అక్క కొయ్యబొమ్మలా కూర్చుంది. ఇక తనే చేతికందిన ఇస్త్రీపెట్టెతో అతని మణికట్టు మీద కొట్టింది. వదల్లేదు. ఇంకోటి కొట్టింది. ఎముక పటుక్కుమంది.

మేనేజరు గదిలో కౌంటర్ కెమెరా వీడియో తిప్పి తిప్పి చూశారు.

"మొదటి దెబ్బ సరే, ప్రాణం కాపాడుకున్నావు. రెండోది దేనికమ్మా?"

"వదల్లేదు సార్."

"ఇందులో ఆయన వీపే కనపడుతోంది," అని మేనేజరు అక్కని పిలిచి అడిగాడు.

"నేను కంప్యూటర్ చూసుకుంటున్నాను సార్," అంది అక్క, చెల్లెలి మొహం చూడకుండా.

వారం తిరక్కుండానే ఆయన కట్టుకట్టిన చెయ్యి మెడకి వేలాడేసుకుని వచ్చాడు. క్షమాపణ చెప్తే పోలీసుల దాకా వెళ్లనన్నాడట. ఆమె మెడ మీద వేళ్ల మచ్చలు ఇంకా పోలేదు. గుటక వేస్తే నొప్పి.

"క్షమించండి."

"వినపడలేదు," అన్నాడాయన.

"క్షమించండి సార్."

"గుసగుసలేంటి? పొగరు తగ్గలేదే!"

"గట్టిగా చెప్పమ్మా, నీ సొమ్మేం పోయింది?" అన్నాడు మేనేజరు.

ఉన్న సత్తువంతా కూడగట్టుకుని అరిచింది. గొంతు కీచుమంది. ఆయన పగలబడి నవ్వాడు. ఆయన మర్యాద కోసం మేనేజరూ నవ్వాడు. కొత్త ఇస్త్రీపెట్టె కారు దాకా మోసుకెళ్లి పెట్టమంటే పెట్టి వచ్చింది.

"ఇవాల్టితో సరి. చెయ్యి చేసుకునేవాళ్లని కౌంటర్లో కూర్చోబెట్టలేం," అన్నాడు మేనేజరు.

"క్షమాపణ చెప్పించారు కదా సార్?"

"అది కస్టమరు కోసం. ఇది మా కోసం."

అక్క ఆమె సంచీ తెచ్చి వెనక గేటు దగ్గర చేతికిచ్చింది.

"పిన్ని దగ్గర నా మాట ఎత్తకే," అని గబగబా లోపలికి వెళ్లిపోయింది.